భీమిలి మీదుగా వచ్చిన మాటలు

భానోజీకి మాట తిరిగొచ్చిందని తెలిసినప్పుడు అనకాపల్లిలో సగం మంది సంతోషించారు. మిగతా సగం మంది చెవుల్లోకి దూది వెతుక్కున్నారు. మైకు సెట్ల దుకాణం ఆయనది. పెళ్లిళ్లకీ, జాతర్లకీ, కబడ్డీ పోటీలకీ మైకులు అద్దెకిచ్చేవాడు. ఇచ్చి ఊరుకునే రకం కాదు, మైకుతో పాటు తన నోరు కూడా ఉచితంగా ఇచ్చేవాడు. కబడ్డీ ఆటని ఆయన చెబుతుంటే కోర్టు వైపు చూడటం మానేసి ఆయన వైపే చూసే జనం ఉండేవారు.

అలాంటి మనిషి లంకెలపాలెం దగ్గర బండి మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. బతికాడు, నడిచాడు, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా అర్థమయ్యేది. మాట మాత్రం దొరికేది కాదు. ఏం చెప్పాలో లోపల ఉండేది, దానికి పదం కోసం వెతుక్కుని వెతుక్కుని, చెమటలు పట్టి, చివరికి చెయ్యి ఊపేసి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ చెయ్యి ఊపడం చూసినప్పుడల్లా ఆయన భార్య నూకాంబికకి ప్రాణం ఉసూరుమనేది.

అంబిక రుషికొండ మీద ఒక పరిశోధన సంస్థలో నెట్‌వర్క్ ఇంజినీరు. అక్కడే డాక్టర్ ఉమాకాంత్ అనే ఆయన ‘మాటసాయం’ కనిపెట్టాడు. మాట పోయిన మనిషి చెవి వెనక చర్మంలో ఒక బిళ్ల పెడతారు, మాట ఉన్న మనిషి చెవి వెనక ఇంకో బిళ్ల. ఇతను ఏదో చెప్పబోతాడు. ఆ చెప్పబోయే ఊహ క్లౌడ్ మీదుగా రెండో మనిషి మెదడుకి వెళ్లి, తగిన పదం పట్టుకుని, రెప్పపాటులో తిరిగొచ్చి ఇతని నాలుక మీద వాలుతుంది. ఇవ్వడానికి మనిషి కావాలి. అంబిక రెండో ఆలోచన లేకుండా తల వంచి చెవి చూపించింది.

చిక్కు తర్వాత తెలిసింది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆమెకు మాట రాదు. రాయబోయినా అంతే, కలం కాగితం మీద ఆగిపోతుంది. ఆయన ఆపాక కూడా ఆమె మాట ఆమెకి తిరిగి రావడానికి చాలాసేపు పట్టేది. అందుకని పగలు ఆమె ఆఫీసులో ఉండగా ఆయన తన బిళ్ల ఆపేసుకునేవాడు. సాయంత్రం ఆమె ఇంటికొచ్చాక నొక్కుకునేవాడు. ఇద్దరికీ కలిపి ఒకటే నోరు, వంతులవారీగా వాడుకోవాలి.

అన్నం దగ్గర ఆయన ఊళ్లో కబుర్లన్నీ చెప్పేవాడు. ఆమె స్టీలు గ్లాసుని గోటితో కొట్టేది. ఒక దెబ్బ అవును, రెండు దెబ్బలు కాదు. కోపం వస్తే గట్టిగా కొట్టేది. ఆయన్ని అనాలనుకున్న నాలుగు మాటలూ మర్నాడు పొద్దున్న కంపెనీ బస్సులో గుర్తొచ్చేవి, అప్పటికి వాటిలో వేడి ఉండేది కాదు. మాట లేని మనిషి పక్కన ఒంటరితనం ఆమెకి ముందే తెలుసు. వాగుడుకాయ పక్కన కూడా అంత ఒంటరితనం ఉంటుందని అప్పుడే తెలిసింది. అయినా ఎవరితోనూ అనలేదు. మొగుడికి మాట ఇచ్చిన ఇల్లాలని అందరూ మెచ్చుకుంటుంటే, నాకు విసుగ్గా ఉందని ఏ మొహంతో అంటుంది?

కార్తీకమాసంలో ఒక సాయంత్రం భానోజీ నూకాంబిక అమ్మవారి గుడి దగ్గర ఎవరో జారిపడిన వైనం చెబుతున్నాడు. అంబిక కూర వడ్డిస్తూ, “ఉప్పు సరిపోయిందా?” అంది.

ఆయన నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమె చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

“ఏటన్నావే?” అన్నాడు.

“ఉప్పు... సరిపోయిందా అన్నాను.”

“సరిపోలేదు,” అన్నాడు భానోజీ, ఏడుస్తూ. “అసలు ఏ రోజూ సరిపోలేదు. గ్లాసుకి ఎలా సెప్పనే?”

ఆ చలికాలమంతా వాళ్లు మాట్లాడుకున్నారు. మాట్లాడుకున్నారని ఊరికే అనకూడదు, పోట్లాడుకున్నారు, ఒకరి మాట మీద ఒకరు పడి మరీ కబుర్లు చెప్పుకున్నారు. పాత విషయాలన్నీ తవ్వి తీసి, అప్పుడు నువ్వలా అన్నావు కాదు నేనిలా అన్నాను అని తేల్చుకున్నారు. పక్కింటివాళ్లు కొత్త కాపురమా అని నవ్వారు. డాక్టర్ ఉమాకాంత్ ఇంకా పొంగిపోయాడు. “అరువు మాటలతో సాధన చేసి చేసి మీ ఆయన మెదడు సొంతంగా నేర్చేసుకుందండీ!” అన్నాడు. బెంగళూరులో పెద్ద సభ ఉంది, అక్కడ భానోజీని వేదిక మీద నిలబెట్టి మాట్లాడించాలని ఏర్పాట్లు మొదలెట్టాడు.

అంబిక కూడా నమ్మింది. బిళ్ల ఆపి చూద్దామని ఎవరూ అనలేదు. నమ్మాలని అంత ఉన్నప్పుడు ఎవరైనా నమ్ముతారు.

కానీ భానోజీ మాటల్లో ఏదో తేడా వచ్చింది. కబడ్డీ దగ్గర, “కూతకెళ్లిన కుర్రాడు గీత మీద పాదం హెమ్మింగు కుట్టినట్టు పెట్టాడు బాబూ!” అన్నాడు. ఇంకోసారి, “అటు పక్క జట్టుకి కాజా తెగింది, ఇక బొత్తాం నిలవదు!” అన్నాడు. జనం ఈలలు వేశారు. ఒక రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, “బాబిన్‌లో దారం అయిపోయిందే, కాసేపు పడుకుంటాను,” అన్నాడు.

“బాబిన్ అంటే ఏంటో తెలుసా మీకు?” అంది అంబిక.

“తెలీదు. నోటికొచ్చింది.”

అంబికకి అనుమానం వచ్చింది. మాటసాయంలో పదం ఒక్కటే రాదు, ఇచ్చిన మనిషి వాసన కూడా దానికి అంటుకుని వస్తుంది. అంబిక ఇచ్చిన రోజుల్లో భానోజీ, “సర్వర్ పడిపోయిందిరా,” అంటూ తిరిగేవాడు. అంబిక జన్మలో సూది పట్టలేదు. భానోజీకి చొక్కా బొత్తాం ఊడితే ఆ చొక్కా మానేయడమే తెలుసు. మరి ఈ కాజాలు, కుట్టు మిషను బాబిన్లు ఎవరివి?

మర్నాడు ఆఫీసులో తన పని పక్కన పెట్టి కూర్చుంది. ఒక బిళ్ల నుంచి బయల్దేరిన ఊహ ఎటు వెళ్లాలో చెప్పేవి క్లౌడ్‌లోని రూట్ టేబుళ్లు. ఒక్కో పట్టికలో బోలెడు వరుసలు. ఫలానా అడ్రసు నుంచి వచ్చింది ఫలానా బిళ్లకి పో అని ఒక్కో వరుస ఒక్కో దారి చెబుతుంది. ఇంటి నంబరుతో సహా రాసిన వరుస ఉంటే దాని మాటే చెల్లుతుంది. అది లేకపోతే వీధి మొత్తానికి రాసిన వరుస, అదీ లేకపోతే ఊరంతటికీ కలిపి రాసిన వరుస. అలాంటి పట్టికలు ఆ సంస్థకి వందల్లో ఉన్నాయి, కళ్లతో వెతికితే తెల్లారిపోతుంది. అందుకని అంబిక చిన్న కోడ్ రాసింది. ఒక అడ్రసు ఇస్తే అది పట్టికలన్నీ తిరగేసి, ఆ అడ్రసుకి సరిపోయే వరుసలన్నీ ఏరి, అందులో అన్నిటికన్నా ఇరుకైనదాన్ని పట్టుకుని, దారి చివర ఎవరున్నారో చెప్పాలి.

భానోజీ అడ్రసు ఇచ్చి నడిపింది. తెరమీద నాలుగు ముక్కలు వచ్చాయి. సొంత వరుస లేదు. వీధి వరుస లేదు. ఊరుమ్మడి వరుస ఉంది. గమ్యం భీమునిపట్నంలో ఒక పాత బిళ్ల, పనిచేస్తోంది.

కోడ్‌లో తప్పుందేమోనని ఇంకో ఇద్దరు రోగుల అడ్రసులు ఇచ్చి చూసింది. వాళ్ల దారులు వాళ్ల వాళ్ల మనుషుల దగ్గరికే సరిగ్గా చేరాయి. మళ్లీ భానోజీది ఇచ్చింది. మళ్లీ భీమునిపట్నం. అదే భీమిలి.

కూర్చుని ఒక్కో ముడీ విప్పితే జరిగింది ఇది. వానాకాలంలో అంబిక చెవి వెనక పుండైతే క్లినిక్ వాళ్లు పాత బిళ్ల తీసేసి, అది మానాక కార్తీకంలో కొత్తది పెట్టారు. కొత్త నంబరు పట్టికలో ఎక్కించడం నెట్‌వర్క్ వాళ్ల పని అని క్లినిక్ వాళ్లు అనుకున్నారు, క్లినిక్ వాళ్ల పని అని వీళ్లు అనుకున్నారు. పాత వరుస ఎవరూ లేని చోటికి దారి చూపిస్తూ మిగిలింది. అలా చచ్చిన వరుసల్ని ఊడ్చేసే ప్రోగ్రాం ఒకటుంది, అది ఈలోగా వచ్చి దాన్నీ ఊడ్చేసింది. దాంతో భానోజీ ఊహలు ఊరుమ్మడి వరుసలో పడ్డాయి. అది మాటసాయం మొదలెట్టిన కొత్తలో, ఒక్కరంటే ఒక్క వాలంటీరు ఉన్నప్పుడు, ఎవరో రాసినది. ఎవరు రాశారో పేరు లేదు. ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది, రాసినవాడి పేరు లేని వరుసని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఏం కూలుతుందోనని భయం. పేరున్న వరుసని యంత్రం ఊడ్చేసింది, పేరు లేనిదానికి మనుషులు దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నారు.

ఆ మొదటి వాలంటీరు పేరు సింహాచలమ్మ. ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు, ఒంటరి మనిషి. పరీక్షలు అయిపోయాయి, బిళ్ల తీయించుకోండి అని కబురు పంపితే రాలేదు. ఎవరూ వెళ్లి అడగలేదు.

అంబిక డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విని కళ్లజోడు తుడుచుకున్నాడు.

“సభ అయ్యేదాకా ఆగండి అంబిక గారూ. ఆవిడ సంతకం పెట్టే చేరింది కదా.”

“మూడు పరీక్షలకి పెట్టింది సార్. జీవితానికి కాదు.”

“మీరు వరుస సరిచేస్తే మీ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించారా?”

ఆలోచించకుండా ఎలా ఉంటుంది? ఆమె ఆలోచిస్తున్నది అదొక్కటే. వరుస రాస్తే ఆ ఇంట్లో మళ్లీ గ్లాసు మోగుతుంది. రాయకపోతే భీమిలిలో ఎవరో మనిషి నోరు రోజూ మూతపడుతుంది. డాక్టరు ఆ మాట మంచికే అన్నాడో చెడ్డకే అన్నాడో గానీ, ఆమెకి మాత్రం ఆయన్ని కొట్టాలనిపించింది. బయటికొచ్చి భీమిలి బస్సెక్కింది.

సింహాచలమ్మ ఇల్లు బీచ్ రోడ్డుకి వెనక సందులో ఉంది. గుమ్మం దగ్గరే కుట్టు మిషను. అరవై దాటిన మనిషి, మెడలో టేపు, ఖాళీగా కూర్చుని ఉంది. అంబిక ‘ఏవమ్మా’ అని పలకరిస్తే నోరు తెరిచింది, మూసింది, చెయ్యి ఊపేసి మొహం తిప్పుకుంది.

అంబికకి ఆ చెయ్యి ఊపు బాగా తెలుసు. గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

పక్కింటి ఆవిడ గోడ మీంచి చెప్పింది. “ఏటో తల్లీ, సలికాలం మొదలుకొని ఇదే వరస. సాయంత్రమైతే నోరు పడిపోద్ది. పగలు కూడా ఒక్కోసారి. కొలతలు సెప్పలేదు, అడిగినదానికి బదులు సెప్పలేదు. గాలి సోకిందని జనం రావడం మానేసారు.”

ఆ రోజు పగటిపూట యలమంచిలిలో కబడ్డీ ఫైనల్స్. అంబిక ఫోన్‌లో లైవ్ పెట్టింది. భానోజీ గొంతు గణగణ మోగింది. “ఇదీ పట్టు అంటే! కుట్టు మీద కుట్టు, దారం కూడా కనబడనీడు!”

సింహాచలమ్మ మిషను మీద నుంచి వంగి ఫోన్‌కి చెవి ఆనించింది. వింటూ వింటూ ఒక వేలు తన గుండె మీద పెట్టుకుంది. తర్వాత అదే వేలు ఫోన్ వైపు చూపించింది.

“అవును,” అంది అంబిక. “మీ మాటలే.”

ఆట అయిపోయింది. భానోజీ మైకు కట్టేశాడు. మాట తిరిగొచ్చేదాకా అంబిక ఆమె పక్కనే కూర్చుంది. అప్పుడు సింహాచలమ్మ గొంతు పెగిలింది.

“ఆ బాబు ఎవులు?”

“మా ఆయనండి.”

“బాగా మాటాడతాడే.” ఆమె చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నా కాడ అన్ని మాటలున్నాయని నాకే తెల్దు. మా ఆయన పోనాక గోడతోటే కదా మాటాడుకునేది. వొచ్చిన ఆడోళ్లతో ఇంత కబుర్లాడితే అదే నాకు తిండి. ఇప్పుడు అదీ లేకుండా పోనాది. ఏం పాపం సేసానోనని ఏడిసాను తల్లీ.”

“బిళ్ల తీయించుకోమన్నప్పుడు ఎందుకు రాలేదమ్మా?”

సింహాచలమ్మ సిగ్గుపడింది. “పరీచ్చలప్పుడు రోజూ ఫోన్ సేసి ఎలాగున్నావమ్మా అని అడిగీవోరు. తీయించేస్తే ఇంకెవులూ అడగరని...”

అంబిక నోట్లో అప్పుడు మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. చివరికి, “రేపు సరిచేస్తాను. మళ్లీ ఇలా జరగదు,” అంది.

“మరి ఆ బాబు?”

“నా మాటలు తీసుకుంటారు.”

“నీకో?”

“ఆయన మాట్లాడేటప్పుడు నాకు రాదు.”

సింహాచలమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. “ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, మాటాడుకోడానికి లేదేటి? అయ్యో తల్లీ,” అని, ఇంకేం అనాలో తెలియక అంబిక జాకెట్టు చెయ్యి దగ్గర ఊడిన కుట్టు పట్టుకుని చూసి, “ఇలా తే, రెండు నిమిషాలు,” అంది. వేసుకున్న జాకెట్టు మీదే సూదితో కుట్టేసి దారం కొరికింది. అంబిక బయల్దేరుతుంటే ఆమె ఫోన్ నంబరు సింహాచలమ్మ అడిగి తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి భానోజీ గెలిచిన జట్టు కన్నా ఎక్కువ సంబరంగా ఉన్నాడు. “ఏటే, ఆలస్యమైపోయిందేటి? ఫైనల్స్ విన్నావా?” అన్నాడు.

“విన్నాను. కూర్చోండి.”

దాచకుండా చెప్పింది. బిళ్ల మార్చడం, ఊడ్చేసిన వరుస, ఊరుమ్మడి వరుస, మిషను ముందు ఖాళీగా కూర్చున్న మనిషి. ఆయన మొహంలో సంబరం ఒక్కొక్క దీపం ఆర్పినట్టు ఆరిపోయింది.

“అయితే నాను బాగుపడలేదా?”

“లేదండి.”

“నీతో ఇన్నాళ్లు నాను మాటాడినవన్నీ...”

“ఆలోచన మీదే. మాట మాత్రమే ఆవిడది.”

“ముసలామె నోరు నొక్కేసి నాను నీతో సరసాలాడానేటి,” అన్నాడు భానోజీ. ఇంకేదో అనబోయాడు. పెదవి కదిలింది. అంతలో ఆయనకే తట్టింది, తను ఎంతసేపు మాట్లాడితే అంతసేపు అక్కడ ఆమెకి మాట ఉండదని. చెవి వెనక చెయ్యి పెట్టి బిళ్ల ఆపేశాడు.

ఊళ్లో ఎవరూ ఆపలేని నోరు అది. దాన్ని ఆయనే మూసుకున్నాడు.

అంబికకి భర్త మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. ఆ మాట ఆయనతో అనాలి, ఆయన దానికి వెటకారంగా ఏదో అనాలి, అప్పుడే అది పూర్తవుతుంది. ఆ రెండో సగం ఇక రాదు. ఆ సంగతి తెలిసే ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. ఈ చలికాలం తనకెంత బాగుందో చెప్పింది. ఉప్పు సరిపోలేదని ఆయన ఏడ్చిన సంగతి గుర్తుచేసింది. సాయంత్రాలు తనకెంత ఒంటరిగా ఉండేదో మొదటిసారి చెప్పింది. ఆయన కళ్లు దించుకుని విన్నాడు.

“రేపు నా వరుస రాసేస్తానండీ. సరేనా?”

భానోజీ స్టీలు గ్లాసు దగ్గరికి జరుపుకుని గోటితో ఒక దెబ్బ కొట్టాడు.

మర్నాడు ఆమె భానోజీ అడ్రసుకి కొత్త వరుస రాసింది, గమ్యం దగ్గర తన కొత్త బిళ్ల నంబరు వేసింది. ఊరుమ్మడి వరుసని చెరిపేసింది. ఎవరు చెరిపారో రాయాల్సిన చోట తన పూర్తి పేరు రాసింది. ఆఫీసు ఏం కూలలేదు. కోడ్ మళ్లీ నడిపింది. సొంత వరుస ఉంది, గమ్యం నూకాంబిక, పనిచేస్తోంది. ఆ అక్షరాలు కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. సింహాచలమ్మ ఇంటికి మనుషుల్ని పంపి బిళ్ల తీయించింది. బెంగళూరు సభ రద్దయింది. డాక్టర్ ఉమాకాంత్ లిఫ్టులో ఎదురైనా పలకరించడం మానేశాడు.

భానోజీ మళ్లీ కబడ్డీకి వెళ్లనన్నాడు. అంటే, పగలు అంబిక వెళ్లమన్నప్పుడల్లా గ్లాసుని రెండు దెబ్బలు కొట్టాడు. ఆమె వదిలిపెట్టలేదు. “నా మాటలు నేనిస్తున్నాను. మూలపెట్టడానికి కాదు ఇచ్చింది,” అని కసిరింది. ఉగాది పోటీలకి ఆయన మైకు పట్టుకున్నాడు.

కబడ్డీ కోర్టు భానోజీ ఇంటి వెనక మైదానంలోనే. అంబిక పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. లౌడ్‌స్పీకరు మోగడం మొదలవగానే ఆమె నోట్లోంచి మాట ఎప్పటిలా జారిపోయింది. చుట్టూ ఉన్న వస్తువులు, చెట్టు, బాల్చీ, తాడు, పేర్లు లేకుండా నిలబడ్డాయి. మైదానం నిండా మనుషులు ఉన్నారు. ఆమె పక్కన ఎవరూ లేరు.

ఫోన్ మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ అనలేదు, అనడానికి మాట లేదు గనక.

“ఉన్నావా తల్లీ?” అంది సింహాచలమ్మ. “ఉగాది పోటీలు కదా, నీకు మాట రాదని తెలుసులే. అందుకే ఇప్పుడు సేసాను. ఊరికే విను.”

ఆమె చెప్పుకుపోయింది. జనం మళ్లీ వస్తున్నారట. ఎవరో పెళ్లికూతురి జాకెట్టుకి వెనక బొందులు పెట్టమంటే ఈమె పెట్టనందట. చేపల ధరలు మండిపోతున్నాయట. మధ్యలో ఆగి, “ఇంటున్నావా?” అంది.

అంబిక చేతికందిన గ్లాసుని ఫోన్ దగ్గర పెట్టి గోటితో ఒక దెబ్బ కొట్టింది.

“ఆఁ, ఉన్నావు. మా గోడ కన్నా నువ్వే నయం, టంగుమంటావు.”

అంబిక నవ్వింది. నవ్వుకి పదాలు అక్కర్లేదు గనక అది బాగానే వినబడింది. అప్పుడే మైదానం లోంచి భానోజీ గొంతు ఊరంతా వినబడేలా లేచింది. “అటు దారి మూసేసారు! ఇటు దారి మూసేసారు! ఎక్కడో ఒక్క దారి ఉంటాది, ఎతుక్కో తమ్ముడూ, ఎతుక్కో!”

అవతల సింహాచలమ్మ మాట్లాడటం ఆపేసింది.

“ఆ బాబేనా?” అంది.

ఒక దెబ్బ.

“ఆ మాటలు నీయేనా?”

అంబిక కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లాసు మీద ఒక దెబ్బ కొట్టింది.

“బాగున్నాయి తల్లీ,” అంది సింహాచలమ్మ. “ఫోన్ పెట్టీకు, అలాగే ఉంచు. నాను కూడా ఇంటాను.”